తెల్లారేదాకా మంగళవారమే

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. గుడిబండ దగ్గర మా ఊరి నుంచి బడికి పోవాలంటే దుమ్ము లేచే బండిదారిలో నడవాల. సగం దూరం పోయేసరికి గొంతులో ఈల మొదలయ్యేది. "బడి యాడికీ పోదులే, ముందు బిడ్డ నిలబడనీ" అని నాయన నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టుకున్నాడు. గోడకు తగిలించిన తిథుల క్యాలెండరే నాకు వాచకం. అంకెలు దాంట్లోనే నేర్చుకున్నా, వారాలు దాంట్లోనే. నక్షత్రాల పేర్లు కూడబలుక్కుంటూ గుణింతాలూ దాంట్లోనే. అంత చదువు దొరకడం కూడా భాగ్యమేనని ఇప్పటికీ దీపం ముందర చెప్పుకుంటాను.

నాయన ఆ క్యాలెండరు గళ్లలో పెన్సిలుతో ఇంటి సంగతులు రాసేవాడు. ఏ గొర్రె ఈనింది, వాన ఎప్పుడు పడింది, చెనక్కాయ ఎప్పుడు విత్తినాం. ఒకసారి ఇంకా చీకటుండగానే ఒక గొర్రె జంటపిల్లల్ని ఈనింది. పొద్దున్నే నేను మురిసిపోయి ఆ సంగతి బుధవారం గడిలో రాశాను. నాయన రబ్బరుతో తుడిపించి మంగళవారం గడిలో రాయించాడు.

"పొద్దు పొడవకముందే ఈనింది గదమ్మా. తెల్లారేదాకా మంగళవారమే."

"గడియారంలో పన్నెండు దాటితే దినం మారుతుందంట గదా, నాయనా?"

"అది గడియారం లెక్క. మనది పొద్దు లెక్క."

ఇంత చిన్న మాట తెలిసి కూడా చెప్పకుండా దాచుకొని, నేనొక ఆడపిల్లకు ఎంత చెరుపు చేయబోయానో ఇప్పుడు రాస్తున్నాను.

పెండ్లయి పెనుకొండకు వచ్చాక, ఇంట్లోనే చదివి పది పరీక్ష రాసి, హిందూపురంలో ఒక పట్టుదారం మిల్లులో పనికి కుదిరాను. పట్టుపురుగుల గూళ్లను వేడినీళ్లలో ఉడికించి, మిషన్ల మీద దారం తీసి, కట్టలు కట్టి ధర్మవరం మగ్గాలకు పంపే మిల్లు అది. పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు. ఏ షిఫ్టు దారాన్ని ఆ షిఫ్టులోనే పరీక్షిస్తారు. ఎంత సన్నంగా వచ్చింది, ఎన్నిసార్లు తెగింది, పడుగుకు పనికొస్తుందా, పేకకే సరా అని. మగ్గం మీద నిలువునా బిగించేది పడుగు. దానికి గట్టిదారం కావాల. అడ్డంగా పోయే పేకకైతే కాస్త బలం తక్కువైనా సర్దుకోవచ్చు. షిఫ్టు ముగిసిందంటే చాలు, పరీక్షల కంప్యూటరు తనంతట తానే రిపోర్టు తయారుచేసి పెడుతుంది.

పేరు పెట్టడం మాత్రం దానికి చేతకాదు అనుకునేవాళ్లం. 'రిపోర్ట్' అని రాసి, పక్కన రైలుపెట్టె మీదుండేటంత పొడుగు అంకె వేసేది. పొద్దున్నే నేను పోయి ఒక్కొక్కటీ తెరిచి, లోపలేముందో చూసి, 'మంగళవారం రాత్రి, రెండో మిషను' అని తేదీతో సహా పేరు మార్చేదాన్ని. కట్టలకు కట్టే చీటీల మీద పనోళ్లు రాసేదీ అట్లే. మంగళవారం సాయంత్రం పనికెక్కినోళ్లు బుధవారం తెల్లారి దిగినా, వాళ్లు తీసింది మంగళవారం రాత్రి దారమే. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరిదీ పొద్దు లెక్కే. చీటీ చూసి ఆ పేరున్న రిపోర్టు అచ్చు తీసి కట్టకు జతచేసేది కూడా నేనే.

మిల్లులో ఆడవాళ్లు నన్ను 'నామకరణం అక్క' అనేవాళ్లు.

"ఏమక్కా, ఈ పొద్దు ఎంతమంది బిడ్డలకు పేర్లు పెట్టినావు? చక్కెర పంచలేదే?"

"మీ మిషను బిడ్డ వంకరగా పుట్టింది. దానికి పేరెందుకులే అని వదిలేసినా" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు.

పైకి నవ్వులాటే గానీ లోపల నాకది గొప్ప. 'పోయిన నెల అమావాస్య తర్వాత మూడోరోజు పగలు తీసిన దారం ఎట్లుండె?' అని మేనేజరు సారు అడిగితే, కంప్యూటరు తెరవకముందే నోటితో చెప్పేదాన్ని. బడి మెట్లెక్కనిదాన్ని, ఇంత మిల్లుకు నేను లేకపోతే తెల్లారదు అనుకునేదాన్ని. దేవుడిచ్చినదానికి దండం పెడుతున్నాననే అనుకున్నాను. నాకు నేనే దండం పెట్టుకుంటున్నానని తెలియలేదు.

అప్పుడొచ్చింది ధర్మవరం అమ్మాయి.

డిగ్రీ చదివిన పిల్ల, పాతికేండ్లు కూడా ఉండవు. ఆరు నెలలు పని చూసి, బాగుంటే ఉంచుకుంటామని తీసుకున్నారు. నేను పెనుకొండలో ఎక్కే ప్యాసింజరుకే తను ముందే ధర్మవరంలో ఎక్కి వచ్చేది. రెండో రోజు నుంచే నాకోసం కిటికీ పక్క సీటులో తన సంచి పెట్టి ఉంచేది.

"రాండక్కా, మీకు గాలి బాగా తగలాల గదా. ఉబ్బసమని చెప్పినారే."

ఆ మంచితనం నాకు రాయిలా తగిలేది. చెడ్డదై ఉంటే ఎంత సులువుగా ఉండేదో. నాకు చోటిచ్చి తను ఎదురుగా కూర్చొని కాలేజీ కబుర్లు చెప్పేది. హాస్టల్లో చారు నీళ్లగా ఉండేదని అలిగి అందరూ అన్నం మానేసిన రోజు, పరీక్షకు ముందు స్నేహితురాలి నోట్సు కనబడకుండా పోయిన రోజు. నేను కిటికీలోంచి పెనుకొండ కొండ దాటిపోయేదాకా చూస్తూ, కొండమీది దేవునికి దండం పెట్టుకుంటూ, చెవులు మాత్రం ఆ కబుర్లకే అప్పజెప్పేదాన్ని. నేనెన్నడూ కూర్చోని బెంచీలు, నాకెన్నడూ లేని స్నేహితులు. ఆ పిల్ల దేవునికి చేతులెత్తగా నేను ఒక్కనాడూ చూడలేదు. ఏండ్ల తరబడి శనివారం ఒక్కపొద్దులున్నదాన్ని నేను, ఆ వేళ్ల చురుకు, ఆ చదువు, ఆ నవ్వు ఆయమ్మకా, స్వామీ అనుకునేదాన్ని. అనుకున్నందుకు మళ్లీ లెంపలేసుకునేదాన్ని.

వచ్చిన రెండో వారంలోనే నా పక్కన నిలబడి నేను పేర్లు మార్చడం చూసింది.

"అక్కా, రోజూ ఇదంతా చేత్తోనే మారుస్తాండారా?"

"మరి? పేర్లు ఆకాశం నుంచి పడతాయా?"

"పడతాయక్కా. ఒక్క నిమిషం జరగండి."

సెట్టింగుల్లోకి పోయింది. రిపోర్టు పేరు ఎట్లుండాలో ముందే ఒక అచ్చు కట్టిపెట్టే చోటు ఉందంట దాంట్లో. ఏడాది, నెల, తేదీ, వారం, షిఫ్టు, మిషను, అన్నీ వరసగా జాబితా. మనకు కావలసినవి ఏరి, మీసాల్లాంటి బ్రాకెట్ల మధ్య పెట్టి, నడుమ గీతలు గీస్తే చాలు. తర్వాత ప్రతి రిపోర్టూ పుట్టేటప్పుడే పేరుతో పుడుతుంది. పూలు గుచ్చినట్లు గుచ్చేసింది. నా టీ ఇంకా చల్లారలేదు.

మేనేజరు సారు వచ్చి చూసి చప్పట్లు కొట్టాడు.

"చూడమ్మా! ఇన్నేండ్లు పొద్దుపొద్దున్నే కూర్చొని నువ్వు చేసిన పని. ఈ పాప టీ తాగేలోపల ముగించేసింది!"

"అక్క పెట్టిన పేర్లనే నేను అచ్చు కట్టినా, సార్. కొత్తగా ఏం చేయలేదు" అంది ఆ పిల్ల.

అది కూడా నాకు నచ్చలేదు. నా గొప్ప నాకు దానమిస్తున్నట్లు అనిపించింది. "సంతోషం, పాపా" అన్నాను. ఆ మరుసటి రోజే నన్ను గూళ్లు తూకం వేసే గదికి మార్చారు. చీటీ చూసి రిపోర్టు జతచేసే పని కూడా ఆ పిల్లకే పోయింది. గదిలో ఉడికిన గూళ్ల వాసన. పక్కన ఆడవాళ్లు "ఏమక్కా, బిడ్డలందరికీ పేర్లయిపోయినాయా? ఇంక బాలింత పథ్యమేనా?" అంటూనే ఉన్నారు. ఆరోజు నేను తల వంచుకొని తూకం అంకెలు రాసుకున్నాను.

ఆ వారంలోనే ఒక బుధవారం పొద్దున టీ గ్లాసు పెట్టడానికి ఆఫీసు గదిలోకి పోయినప్పుడు తెర మీద చూశాను. రాత్రి షిఫ్టు రిపోర్టు పేరులో బుధవారం తేదీ ఉంది. టేబులు మీద కట్టకున్న చీటీలో 'మంగళవారం రాత్రి' అని ఉంది.

చూసీ చూడగానే అర్థమైపోయింది. షిఫ్టు ముగిసి రిపోర్టు పుట్టేది తెల్లారినాక గదా. ఆ పుట్టిన తేదీనే పేరుకు ఎక్కుతోంది. చీటీ మీద మంగళవారం రాత్రి అని చూసి, ఆ పిల్ల మంగళవారం తేదీ ఉన్న రాత్రి రిపోర్టు అచ్చు తీస్తుంది. అది మంగళవారం పొద్దున పుట్టింది, అంటే సోమవారం రాత్రి దారానిది. ప్రతి రాత్రి కట్టకూ ముందు రాత్రి జాతకం అతుక్కుంటోంది.

చెప్పాలని నోరు తెరిచాను కూడా. అప్పుడే ఆ పిల్ల మేనేజరు సారుకు ఏదో చూపిస్తూ కిలకిలా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నాతో ఆయన ఎప్పుడూ అట్ల నవ్వలేదు. తెరిచిన నోరు మూసుకొని గ్లాసు పెట్టేసి వచ్చాను.

'అడిగితే చెప్తాం. అంత చదువుకున్న పిల్లకు తెలీదా?' అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. దారం రోజూ ఒకే తీరుగా వస్తోంది కాబట్టి తప్పు ఎవరికీ కనబడలేదు. రోజూ రైలెక్కడం, నాకోసం ఉంచిన సీట్లో కూర్చోవడం, ఎదురుగా ఆ ముఖం చూడటం, చెప్పకపోవడం. ఇది మూడు వారాలు.

రోజూ దీపం పెట్టి ఆ దినం దొరికినవాటికి ఒక్కొక్కటిగా కృతజ్ఞత చెప్పుకోవడం నాకు అలవాటు. ఎసరులోకి బియ్యం, తెంపు లేకుండా ఊపిరి, మా ఆయన పిండిమర ఆగకుండా తిరగడం. ఆ మూడు వారాలూ 'కిటికీ పక్క సీటు' దగ్గరికొచ్చేసరికి నాలుక తిరిగేది కాదు.

"ఏమే, దేవునితో కూడా అలిగినావా? మూతి అట్ల ముడుచుకున్నావు" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు. ఒత్తి సరిగ్గా వెలగడంలా" అన్నాను.

"ఒత్తి బాగానే వెలుగుతాంది. నీ ముఖమే వెలగడంలా."

ఆ మూడు వారాల నడుమే వాన వారం వచ్చింది. ఒక మంగళవారం మధ్యాహ్నం తూకానికొచ్చిన గూళ్ల సంచులు చెమ్మగా ఉన్నాయి. రొళ్ల వైపు నుంచి తడుస్తూ వచ్చిన బండి. ఆ రాత్రి తీసే దారం బలంగా రాదని నా చేతికే తెలిసిపోయింది. మరుసటి పొద్దున పోయి ఆఫీసులో ఒక్క మాట అంటే చాలు. పోలేదు. తూకం గదిలో పనెక్కువుందని ఆ రోజు టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాను. చూడకూడదనే చూడలేదు.

పది రోజులకు ధర్మవరం నుంచి ఒక నేతాయన వచ్చాడు. పెద్దవయసు, చంకలో గుడ్డసంచి. సంచిలోంచి తెగిన పోగుల ఉండ తీసి మేనేజరు సారు టేబులు మీద పెట్టాడు.

"ఏమప్పా సారూ, దీన్ని పడుగంటారా? ముట్టుకుంటే తెగుతాంది. పెండ్లి చీర ఉండాది మగ్గం మీద. ముహూర్తం దగ్గరికొచ్చె. మా ఇంటిది పోగులు అతికీ అతికీ కండ్లు వాచి కూర్చుండాది."

సారు ఆ పిల్లను పిలిచి కంప్యూటరు తెరిపించాడు. గొడవ విని మేమంతా గుమ్మం దగ్గర చేరాం.

"చూడు పెద్దాయనా, నీ చీటీలో ఏముంది? మంగళవారం రాత్రి. ఇదిగో, అదే తేదీ, అదే రాత్రి, అదే మిషను. పడుగుకు బాగా పనికొస్తుందని రాసుండాది."

"రిపోర్టు నేయదు సామీ మగ్గం మీద. దారం నేయాల."

సారు ముఖం నల్లబడింది. ఆ పిల్ల వైపు తిరిగాడు.

"ఏం పాపా? పేర్లు పెట్టింది నువ్వే, జతచేసింది నువ్వే. తప్పు యాడుండాది?"

ఆ పిల్ల ఫైళ్లు పైకీ కిందికీ జరుపుతోంది. ఎప్పుడూ చూడకుండానే పరుగెత్తే వేళ్లు తడబడుతున్నాయి. "అంతా సరిగ్గానే ఉంది, సార్... నాకు తెలీడంలేదు" అంది.

"తెలీకపోతే ఎట్ల? ఇందుకేనా నిన్ను పెట్టుకుంది? ఆరు నెలలదాకా కూడా అక్కర్లేదనుకుంటా."

నిజం రాస్తాను. ఆ మాట విన్న క్షణంలో నాలో ఏదో తియ్యగా కదిలింది. మూడు వారాలుగా నేను ఎదురుచూసింది ఆ మాటకోసమే. అది తెలిసి నాకే భయమేసింది. ఆ పిల్ల దిక్కు తెలీక గుమ్మం వైపు చూసింది. అంతమందిలో నా ముఖమే వెదుక్కుంది.

"సార్, తప్పు నాకు తెలుసు" అన్నాను.

లోపలికి పోయి చెప్పాను. రాత్రి రిపోర్టు తెల్లారినాక పుడుతుందని, చీటీల మీద మనం రాసేది మా నాయన క్యాలెండరులో మాదిరి పొద్దు లెక్కని, ఒక్కరోజు తేడా పడిందని. ఆయన నమ్మక, మరుసటి తేదీ రిపోర్టు తెరిపించాడు. పేరులో బుధవారం రాత్రి. లోపల ఎన్నోసార్లు తెగిందని, పేకకు మాత్రమేనని. ఈయన తెచ్చిన పోగుల జాతకం అదే. తర్వాతి రాత్రి తీసిన మంచిదారానికి ఈ చెడ్డ రిపోర్టు అంటుకొని, ఆ కట్టలు పేకదారమని మూలన పడి ఉన్నాయి.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు సారు.

"పేర్లు మారిన మొదటి వారంలోనే."

నేతాయనే అన్నాడు, కోపం లేకుండా. "అప్పుడే ఒక్క మాట చెప్పుంటే మా ఇంటిదాని కండ్లు బతికుండేవి గదా, తల్లీ."

ఎవరు తిట్టినా ఓర్చుకునేదాన్ని. ఆ మాట మాత్రం ఓర్చుకోలేకపోయాను.

ఆ పిల్ల అప్పటికే సెట్టింగుల్లోకి పోయింది. జాబితాలో తేదీలు రెండున్నాయి. రిపోర్టు తయారైన తేదీ ఒకటి, షిఫ్టు మొదలైన తేదీ ఒకటి. మొదటిది తీసి రెండోది పెట్టింది. అంతే. అంత పనికి నేను మూడు వారాలు నోరు కుట్టుకున్నాను.

సారు మూలనున్న మంచి కట్టలు తీయించి, మరుసటి రోజు నన్నే తీసుకుపోయి నేతాయన ఇంట్లో ఇచ్చి రమ్మన్నాడు. "నువ్వే పోయి ఆయమ్మకు ముఖం చూపించు" అన్నాడు. న్యాయమే. పొద్దున పెనుకొండలో ధర్మవరం వైపు బండెక్కాను. స్టేషన్లో దిగేసరికి ఆ పిల్ల నిలబడి ఉంది.

"సెలవు పెట్టినా, అక్కా. ఆ సందులు మీకు తెలీవు గదా."

నడుస్తూ ఉండగా నేనే అడిగాను. "నా మీద కోపం లేదా, పాపా?"

"ఉండాది" అంది వెంటనే. "రాత్రంతా ఏడ్చినా. మీకు సీటు పట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నా." కొంచెం దూరం పోయినాక, "ఐనా అందరి ముందర చెప్పినారు గదా. నేనైతే చెప్పేదాన్నో లేదో" అంది.

నేతాయన ఇంట్లో ఆయన భార్య మగ్గం దగ్గర కూర్చొని ఉంది. కండ్లు నిజంగానే ఎర్రగా వాచి ఉన్నాయి. నా తప్పేమిటో చెప్పి, ఆమె కాళ్లు ముట్టబోయాను. "ఇడువమ్మా, కాళ్లు పట్టుకుంటే పోగులు అతుకుతాయా? వచ్చి కూర్చో" అంది. పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాల. నా వేళ్లకు రాలేదు. రెండు అతికితే ఒకటి ఊడిపోయింది. "నీదంతా మాటల అతుకే!" అని ఆమె నవ్వింది. ఆ పిల్ల మాత్రం బొటనవేలికి కాస్త బూడిద అద్దుకొని, చిన్నప్పుడు అమ్మ పక్కన నేర్చుకుందంట, చూడకుండానే అతుక్కుంటూ పోయింది. చదువొక్కటే అనుకున్నాను. ఇది కూడా వచ్చు ఆ పిల్లకు! కడుపులో మళ్లీ అదే మంట, చిన్నగా. పోలేదు చూడు, అనుకున్నాను. నేను పోగులు వరసగా పట్టి అందించాను, తను అతికింది. మధ్యాహ్నం దాటేదాకా అట్లే.

చీర ముహూర్తానికి అందిందని తర్వాత నేతాయన కబురు చేశాడు. ఆ పిల్లను మిల్లులో ఉంచుకున్నారు. నన్ను తూకం గదిలోనే ఉంచారు. అడిగి మార్పించుకోలేదు.

ధర్మవరం నుంచి వచ్చిన ఆ సాయంత్రం దీపం ముందర వరసగా చెప్పుకున్నాను. బియ్యం, ఊపిరి, పిండిమర. కిటికీ పక్క సీటు. 'ఓర్వలేనితనం ఇంకా ఉంది స్వామీ, దాచడంలేదు, నీకు చెప్తాండా' అని కూడా అన్నాను. మరుసటి రోజు పొద్దున పెనుకొండలో బండి ఆగినప్పుడు, సీటు ఉంటుందో ఉండదోనని మెట్టు మీదే ఆగిపోయాను. ఆ పిల్ల సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. నవ్వలేదు మాత్రం. కొండ దాటేదాకా ఇద్దరం కిటికీలోంచే చూశాం. తర్వాత తనే అడిగింది.

"అక్కా, పొద్దు లెక్కని మీ నాయన క్యాలెండరు సంగతి ఏదో అన్నారు ఆరోజు సారుతో. అదేంది, చెప్పండి."

జంటపిల్లల్ని ఈనిన గొర్రె దగ్గర మొదలుపెట్టాను.